ఆరో భుజం

ఈ వరస ముందుకే కదులుతుంది. వెనక్కి తిరగడానికి లేదు, నా వెనక టెస్సీ మల్వీ ఉంది, ఆమె వెనక చర్చి గేటు దాటి పోస్టాఫీసు దాకా ఊరంతా ఉంది, చివరి చూపుకి వచ్చి వరసలోంచి తప్పుకుపోయిన మనిషిని కిల్‌బ్రాకన్‌లో నేను పుట్టాక చూడలేదు. అలాంటివాడొకడు ఉండి ఉంటే వాడి కథ ఇప్పటికీ పబ్‌లో చెప్పుకుంటూనే ఉండేవాళ్ళు. నవంబరు వాన, పడుతున్నట్టూ ఉండదు, ఆగినట్టూ ఉండదు. నాలుగు నుంచి ఏడింటి దాకా దర్శనం అని పొద్దున్న స్థానిక రేడియోలో చావు కబుర్లు చదివేటప్పుడు చెప్పారు, ఇప్పుడు ఐదూ పది. కాన్ హాల్పిన్, డెబ్బై ఎనిమిదేళ్ళు, మాజీ కౌన్సిలరు. ఆయన ఊపిరి ఆగింది మొన్న సోమవారం, కానీ నేను ఆయన్ని చంపి పందొమ్మిదేళ్ళయింది. ఒక ఆదివారం, పత్రిక ఏడో పేజీలో, తొమ్మిది వందల మాటల్లో. ఆ సంగతి ఈ వరసలో తెలియనివాళ్ళు లేరు. అందుకే నా ముందున్న ఇద్దరు రైతులు నన్ను చూసి తల వంచి, మళ్ళీ ముందుకు తిరిగి, కావాలని ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకుంటున్నారు. "మన గోల్‌కీపరున్నాడే, వాడు మా పొలం గేటు లాంటోడు, ఎప్పుడు చూసినా బార్లా తెరిచే ఉంటాడు" అని ఒకడు. రెండోవాడు నవ్వబోయి, చావు గుర్తొచ్చి, దగ్గాడు.

"టీవీలో కన్నా సన్నగా ఉన్నావే అమ్మాయ్" అంది వెనక నుంచి టెస్సీ, నా మోచెయ్యి పట్టుకుని. "వాళ్ళే లావు చేస్తారా, లేక నువ్వే చిక్కావా? ఎర్ర కోటు వేసుకురాలేదేం?"

చావుకి ఎర్ర కోటేంటి టెస్సీ, అని నవ్వాను. నవ్వు బాగానే వచ్చింది, నవ్వడం నా వృత్తిలో భాగం. ఇరవై ఏడేళ్ళ కాలమ్, పద్దెనిమిదేళ్ళ శుక్రవారం రాత్రుల టీవీ కార్యక్రమం. డెర్వ్లా క్వీలీ, నోటికి తాళం లేని మనిషి. మంత్రుల్ని ఏడిపించింది, ఒక బిషప్పుని నీళ్ళు తాగించింది, ఇంట్లో అత్తగారితో అనలేని మాటలు ఆవిడ టీవీలో అంటుంది అని ఆడవాళ్ళు కార్డులు రాస్తారు. ఆ నోటితో ఒక్క చిన్న మాట అనలేక పందొమ్మిదేళ్ళుగా ఊపిరాడక ఉన్నానని చెబితే టెస్సీ ఏమంటుందో. ఆ నోటినే ఇవాళ ఒకడు ఇంకో మాట అడిగాడు. చర్చి గేటు పక్కన, పాత వ్యానులో, అద్దం సగం దించుకుని, ప్యాకీ హాల్పిన్. కాన్ తమ్ముడు. కోటు గుండీలన్నీ పెట్టుకున్నాడు, గడ్డం గీసుకుని గీసుకుని చర్మం ఎర్రబడింది, నల్ల టై కట్టుకున్నాడు, కానీ వ్యాను దిగలేదు.

"నిన్ను తిట్టడానికి ఆపలేదు డెర్వ్లా" అన్నాడు. "నా దగ్గరున్న తిట్లన్నీ ఏనాడో అయిపోయాయి. రేపు పదకొండింటికి అన్నని ఎత్తుతారు. ఆరుగురు కావాలి. ఐదుగురున్నారు. ఆరో చోటు నాది. నూలా నన్ను గడప తొక్కనివ్వదు. నువ్వు వెళ్ళి, నాకా సంగతి చెప్పింది ప్యాకీ కాదు అని ఒక్క మాట చెప్పు. ఎవడో నాకక్కర్లేదు. ప్యాకీ కాదు, అంతే."

నేను వానలో నిలబడి ఉన్నాను, అతను నా మొహం చూడకుండా స్టీరింగు మీద చేతులు చూసుకుంటున్నాడు. "ఎవరూ దొరక్కపోతే తనే భుజం పెడతానన్నాడట ఫింటన్. మంచోడేలే. చావు పనులన్నీ వాడే చూస్తున్నాడు. కానీ అది వాడి చోటు కాదు కదా."

చూస్తాను ప్యాకీ, అన్నాను. చూస్తాను. రాజకీయ నాయకులు నా ముందు కూర్చుని చూస్తాం అంటే నేను వాళ్ళని చీల్చి చెండాడతాను, చూడడం కాదు, చేస్తారా చెయ్యరా అని. అది నువ్వో కాదో నాకే తెలియదయ్యా, అని ఎలా అనను? దేశమంతా నమ్మే విషయం ఒకటే, డెర్వ్లాకి ఆ పేరు తెలుసు, ప్రాణం పోయినా చెప్పదు. అసలు విషయం, డెర్వ్లాకి ఆ పేరు ఏనాడూ తెలియదు.

వరస కదిలింది. రెండడుగులు. వాకిలి కప్పు కిందికి వచ్చాం, చొక్కా కాలరు లోపలికి ఒక చుక్క జారింది, అదొక శుక్రవారం, అప్పుడూ వానే, డబ్లిన్‌లో మూడో అంతస్తు కిటికీ, నా బల్ల మీద వెడల్పాటి కవరు, అందులో గీతల కాగితం మీద రెండు పేజీల ఉత్తరం. కాన్ హాల్పిన్ నది పక్కన పొలాన్ని ఇళ్ళ స్థలాలుగా మార్చడానికి ఎవరి దగ్గర లంచం పుచ్చుకున్నాడు, ఏ రోజున, ఏ హోటల్లో, ఏ బల్ల దగ్గర, ఏం తిన్నాడు. తిన్నదేంటో రాసి ఉంది కాబట్టి నమ్మాను. వేయించిన బంగాళాదుంపలూ, పంది మాంసమూ, రెండు గ్లాసులు. వివరం ఉంటే నిజమనిపిస్తుంది, ఆ కిటుకు నాకు తెలియనిది కాదు, నేనూ రాసేదాన్నే. సంతకం లేదు. "బడికి పోయేనాటి నుంచి కాన్ నాకు తెలుసు" అన్న ఒక్క వాక్యం ఉంది. ఎడిటరు తలుపు దగ్గర నిలబడి, ఏడో పేజీ ఖాళీగా ఉంది క్వీలీ, మూడు గంటలుంది, నీ దగ్గరేముంది అన్నాడు. అప్పుడు నాకు ముప్ఫై తొమ్మిది. ఆ వేసవిలో కాలమ్‌ని ఆపేద్దామని అనుకుంటున్నారని నాకు తెలుసు. అయినా ఒక పని చేశాను. హాల్పిన్ వాళ్ళ ఇంటికి ఫోన్ చేశాను. ఆరుసార్లు మోగాక నూలా ఎత్తింది. ఆ గొంతు వినగానే మా నాన్న చెప్పుల కొట్టులో నేల మీద కూర్చుని ఆవిడ కాళ్ళకి కొలత పట్టుకున్న రోజులు గుర్తొచ్చాయి, నాకు పదేళ్ళు, ఆవిడ పెళ్ళికి తెల్ల బూట్లు. ఆవిడ హలో అంది. మళ్ళీ హలో అంది. ఫోన్ పెట్టేసి, కుర్చీ ముందుకు లాక్కుని, రాయడం మొదలుపెట్టాను. ఇంకెవర్నీ అడగలేదు. కౌన్సిలు ఆఫీసుని అడగలేదు, హోటలుని అడగలేదు. రాస్తుంటే చేతులు వెచ్చగా అయ్యాయి, ఎంత హాయిగా ఉందో.

"ముందుకు జరుగమ్మా" అంది టెస్సీ. "నువ్వు తలుపుకి అడ్డం నిలబడితే లోపల వెచ్చదనం మాకెలా వస్తుంది?"

జరిగాను. తర్వాత విచారణ కమిషన్. నల్ల గౌను వేసుకున్న లాయరు కళ్ళజోడు మీదుగా చూసి, మీకు ఈ సంగతి చెప్పిందెవరు మిస్ క్వీలీ అన్నాడు. ఒకరు ఉత్తరం రాశారు, ఎవరో నాకు తెలియదు, అంటే సరిపోయేది. అంటే ఆ రోజుతో నా పని కూడా సరిపోయేది. పేరులేని కాగితం పట్టుకుని మనిషి బతుకు తగలబెట్టిన వెర్రిదానిగా ఇంటికి పోయేదాన్ని. అందుకని ఇంకొకటి అన్నాను. "ఆయనకి చాలా దగ్గరి మనిషి. పేరు మాత్రం చెప్పను. జైలుకైనా పోతాను." దగ్గరి మనిషి అన్న మాట నా నాలుక మీదికి ఎలా వచ్చిందో నాకు తెలుసు, ఉత్తరంలో బడి నాటి నుంచి అన్న వాక్యం లోంచి వచ్చింది. విచారణ భవనం మెట్ల మీద ఎర్ర కోటులో నా ఫోటో మర్నాడు అన్ని పత్రికల్లో మొదటి పేజీ. జైలుకీ పంపలేదు, ఏమీ చెయ్యలేదు. ఆరోపణ రుజువు కాలేదని కమిషన్ రెండేళ్ళ తర్వాత నాలుగు సంపుటాల్లో రాసింది. రుజువు కాలేదంటే దొరకలేదని అర్థం చేసుకున్నారు మావాళ్ళు. కాన్ తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయాడు, మళ్ళీ పబ్ గడప ఎక్కలేదు. పరువు నష్టం దావా కూడా వెయ్యలేదు, ఎందుకు వెయ్యలేదో నాకు అర్థం కాలేదు, చాలా ఏళ్ళు దాన్నే రుజువుగా దాచుకున్నాను. ఆ ఫోటో వచ్చిన వారానికే టీవీ వాళ్ళు ఫోన్ చేశారు. ప్రతి శుక్రవారం నన్ను స్టేజి మీదికి పిలిచేటప్పుడు అనౌన్సరు గొంతు, వార్త మూలం పేరు చెప్పని మనిషి, అంటుంది, జనం చప్పట్లు కొడతారు, నేను మెట్లు దిగి వస్తాను, పద్దెనిమిదేళ్ళుగా అవే మెట్లు, ఒక్కోసారి కలలో ఆ మెట్లకి కింది మెట్టు ఉండదు.

మరి ఇక్కడ, ఈ ఊళ్ళో, దగ్గరి మనిషి అంటే ఎవరు? ఆ ఏడాదే అన్నదమ్ములిద్దరికీ పొలం గట్టు దగ్గర మాటా మాటా వచ్చిందట. అంతే. ఇంకెవరూ అక్కర్లేదు. కాన్ తమ్ముడి మొహం మీద తలుపేశాడు. నడివయసు దాటాక ప్యాకీ చేసుకున్న పెళ్ళికి అన్న రాలేదు, అన్న కూతురి పెళ్ళికి ప్యాకీ రోడ్డు అవతల నిలబడి చూశాడు. ఇదంతా మా అన్నయ్య క్రిస్మస్‌కి ఫోన్లో చెబుతూ ఉండేవాడు, వాతావరణం చెప్పినట్టు. నేను వింటూ ఉండేదాన్ని. నిజంగా ప్యాకీయే రాశాడేమో అనుకునేదాన్ని. అనుకుంటే నిద్ర పట్టేది.

లోపలి తలుపు దగ్గర చిన్న బల్ల. బల్ల మీద సంతాప పుస్తకం, తాడు కట్టిన పెన్ను. ఒక్కొక్కరే వంగి పేరూ ఊరూ రాసి పోతున్నారు, రాయకుండా పోవడం మాలో లేదు, తర్వాత ఇంటివాళ్ళు వారం రోజులు ఆ పుస్తకం ముందేసుకుని ఎవరొచ్చారో ఎవరు రాలేదో చూసుకుంటారు. ఆ గోల్‌కీపరు రైతు నాలుక బయటపెట్టి మెల్లగా రాశాడు. నా వంతు. పెన్ను పట్టుకున్నాను. పేజీ పైన, నల్ల సిరాతో, పెద్ద అక్షరాల్లో చచ్చిపోయినాయన పేరు. కార్నీలియస్ హాల్పిన్. హాల్పిన్ మొదటి అక్షరం హెచ్, రెండు నిలువు గీతల మధ్య అడ్డగీత బయటికి పొడుచుకొచ్చి, గేటు గడియలాగా పక్క అక్షరం మీదికి వాలి ఉంది.

ఆ గడియ నాకు తెలుసు. ఆ ఉత్తరంలో హాల్పిన్ అన్న పేరు పదకొండు సార్లుంది, పదకొండు గడియలు, పందొమ్మిదేళ్ళలో ఎన్ని వందల సార్లు చూశానో. ఇప్పుడు నా సంచిలో ఉంది ఆ ఉత్తరం. చావు కబురు విన్న రోజున సొరుగులోంచి తీశాను. పెట్టెలో మనిషి పక్కన ఏదో ఒకటి పెట్టడం మావాళ్ళ అలవాటు, సిగరెట్ పెట్టె, జట్టు కండువా, మనవరాలు గీసిన బొమ్మ. నేను వంగి, ఈ కాగితాన్ని ఆయన మోచెయ్యి కింద దోపి వచ్చేద్దామనుకున్నాను. రేపు మధ్యాహ్నానికి ఆరడుగుల మట్టి. ఇక ఎవరూ అడగరు.

"పేరు మర్చిపోయావా అమ్మాయ్?" అంది టెస్సీ. "దేశమంతా ఎరిగిన పేరే!"

"ఈ పైన రాసిందెవరు టెస్సీ? చక్కగా రాశారు."

"ఇంకెవరు, ఫింటనే. పుస్తకం వాడిదే, పెన్ను వాడిదే, శవం బండి వాడిదే."

ఫింటన్ గారహన్. నా పేరు ఎలా రాశానో గుర్తులేదు. కాన్ ఓడిపోయిన సీటులో గెలిచినవాడు. ఈ ఊళ్ళో బిడ్డ పుడితే తాగేది గారహన్ పబ్‌లో, పొలం అమ్మితే అమ్మేది గారహన్ ద్వారా, పోతే పోయేది గారహన్ బండిలో, మధ్యలో ఐదేళ్ళకోసారి ఓటు వేసేది కూడా గారహన్‌కే. కాన్‌తో ఒకే బెంచీ మీద చదువుకున్నాడు. బడికి పోయేనాటి నుంచి. నేను ఎంత సులువుగా దొరికిపోయాను! సీటు కావలసినవాడికి సీటు, కాలమ్ కావలసినదానికి కాలమ్. ఇద్దరం ఒకరినొకరం చూసుకోకుండానే ఒక మనిషిని చెరోపక్కా పట్టుకుని మోశాం, రేపు వాడు నిజంగానే మొయ్యబోతున్నాడు, ఆరో భుజంగా.

ఇప్పుడు చర్చి నడుమ దారిలో ఉన్నాం. రెండు పక్కలా బెంచీలు, మధ్యలో మేము, గొట్టంలో నీళ్ళలాగా. కొవ్వొత్తుల మైనం వాసన, తడిసిన ఉన్ని వాసన. కుడిపక్క చిన్న తలుపొకటుంది, చిన్నప్పుడు పాపాలు చెప్పుకున్నాక అందులోంచి పారిపోయేదాన్ని, ఇవాళ దాని ముందు పూలదండలు ఆనించారు. ముందు, మెట్ల కింద, తెరిచిన పెట్టె. దాని పక్క బెంచీలో నూలా, ఆవిడ చెల్లెలు బెర్నీ. పెట్టె తల దగ్గర, చేతులు ముందు కట్టుకుని, ఫింటన్. మెల్లగా ముందుకు, మెల్లగా, అని పెదవులతో అంటున్నాడు, వెన్నలాంటి గొంతు. లెక్కపెట్టాను, నాకూ నూలాకీ మధ్య పద్నాలుగు మంది. ఆలోచించు డెర్వ్లా, పద్నాలుగు చేతులు కలిపేంత టైముంది. ఇందాకటిదాకా ప్యాకీ కాదని చెప్పలేని స్థితి, ఎందుకంటే తెలియదు. ఇప్పుడు తెలుసు. ఇంకేం? ప్యాకీ కాదు, అంతకుమించి చెప్పలేను, అంటే చాలు. నిజమే చెప్పినట్టు, పరువూ దక్కినట్టు. రేపు ప్యాకీకి భుజం దక్కుతుంది. శుక్రవారం మెట్లు దిగొచ్చు. ఎంత బాగా అమరింది. అమరింది కాబట్టే భయమేసింది, నా కాలమ్‌లు కూడా ఇలాగే అమరుతాయి.

"చిన్నగా మాట్లాడమ్మా ఇక్కడ్నుంచి" అంది టెస్సీ, నేనేమీ మాట్లాడకపోయినా. గడ్డంతో పైకి చూపించింది. స్తంభం మీద కరోనా రోజుల్లో పెట్టిన కెమెరా. "నూలా కూతురు సోర్చాకి ఎనిమిదో నెల, ఆస్ట్రేలియాలో పర్త్ నుంచి విమానం ఎక్కనివ్వలేదు. వచ్చినవాళ్ళు అమ్మతో ఏమంటున్నారో వినాలందట, ఫాదర్ మైకు కూడా పెట్టేశారు. పోయిన నెల చావుకి నేను ముక్కు చీదితే బోస్టన్‌లో మా అక్క విన్నది."

కెమెరా కింద ఎర్ర దీపం. చర్చిలో ఇంతమంది ఉన్నారు, దాన్ని నేను చూసినట్టు ఎవరూ చూడరు. ఎర్ర దీపం వెలిగితే నా వెన్ను దానంతటదే నిటారు అవుతుంది, గడ్డం కొద్దిగా ఎడమకి తిరుగుతుంది. తిరిగింది కూడా, సిగ్గులేకుండా. ఎనిమిది మంది. ఆరుగురు. ఫింటన్ నన్ను చూశాడు. ఒకడుగు ముందుకొచ్చి మోచెయ్యి కింద చెయ్యి వేశాడు, ముసలివాళ్ళని నడిపించినట్టు.

"వచ్చావా డెర్వ్లా. పెద్ద మనసు నీది. కాన్ సంతోషించేవాడు."

ఆ చెయ్యి. వెడల్పైన, పొడిగా ఉన్న, శుభ్రమైన చెయ్యి. నాకు థాంక్స్ చెబుతున్నట్టు చిన్నగా నొక్కింది. ఇన్నేళ్ళూ వీడు టీవీలో నన్ను చూస్తూ ఏమనుకుని ఉంటాడు? నాకు పేరు తెలియదన్న సంగతి లోకంలో తెలిసినవాడు వీడొక్కడే. ప్రతి శుక్రవారం, ఆ గొంతు నన్ను పిలిచినప్పుడల్లా, వీడు తన పబ్‌లో గ్లాసు తుడుస్తూ నవ్వుకుని ఉంటాడు. కలలో నా మెట్లకి లేని ఆ కింది మెట్టు వీడే.

పెట్టెలో కాన్ చిన్నగా ఉన్నాడు. చేతుల్లో జపమాల, పక్కన రేసు గుర్రాల పేజీ మడిచి పెట్టారు, కాళ్ళకి నల్ల బూట్లు, మెరిసేలా తుడిచారు, ఆ తోలు ఎవరి కొట్టుదో నాకు తెలుసు, మా నాన్న పోయే ముందు కుట్టిన జత. సంచి జిప్పు సగం తీసి ఉంది, వేళ్ళకి కాగితం తగులుతోంది. వంగితే చాలు. వంగలేదు. గోల్‌కీపరు రైతు నూలా చెయ్యి వదిలి పక్కకి తప్పుకున్నాడు, నా ముందు ఇంకెవరూ లేరు.

"మీ కష్టానికి చాలా బాధగా ఉంది, మిసెస్ హాల్పిన్."

అందరూ అనేదే అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు.

"వచ్చావు" అంది. "ప్యాకీ గేటు దగ్గర నిన్ను ఆపాడట. బెర్నీ చూసింది."

"అది ప్యాకీ కాదు, మిసెస్ హాల్పిన్."

"మరెవరు?"

"అది నేను చెప్పలేను. నా మూలం పేరు..." పాత వాక్యం, దారి తెలిసిన ఎద్దులా, దానంతటదే బయల్దేరింది.

"అయితే కాదని నేనెలా నమ్మను?" గొంతు పెంచలేదు, నా వేళ్ళు మాత్రం నలిగాయి. "పందొమ్మిదేళ్ళు గడియ పెట్టుకున్న నోరు, వాడు వానలో ముక్కు ఎగబీలిస్తే తెరుచుకుందా? వాడి మీద జాలేసి ఒక అబద్ధం చెబుతున్నావు. నీకది కొత్తా? మా ఆయన ఎంతమందిని అనుమానించి పోయాడో నీకేం తెలుసు? తమ్ముణ్ణి, పక్కింటివాణ్ణి, ఒక రాత్రి నన్ను. నన్ను! దావా వెయ్యి కాన్ అంటే, వేస్తే నావాళ్ళలో చెప్పిందెవడో కోర్టులో బయటపడుతుంది, నేను చూడలేను అన్నాడు."

అందుకా వెయ్యలేదు. అందుకా. వెనక వరస ఆగిపోయింది, టెస్సీ ఊపిరి నా మెడ మీద తగులుతోంది, పైన ఎర్ర దీపం, దాని అవతల పర్త్‌లో పొట్ట మీద చెయ్యి వేసుకున్న ఒక ఆడపిల్ల, బోస్టన్‌లో టెస్సీ అక్క, రేపటికి దేశమంతా. చెయ్యి లాక్కోవచ్చు. ఆవిడది ముసలి చెయ్యి.

"నాకు తెలియదు" అన్నాను. మెల్లగానే అనుకున్నాను, కానీ మైకు లేకుండా హాలు చివరిదాకా వినిపించేలా తయారైన గొంతు నాది. "నాకెవరూ చెప్పలేదు. దగ్గరి మనిషని కమిషన్‌లో అన్నది అబద్ధం. సంతకం లేని ఉత్తరం వచ్చింది, వేసేశాను. ఎవర్నీ అడగలేదు. మీ ఇంటికి ఫోన్ చేశాను, మీరెత్తారు, నేను పెట్టేశాను."

చర్చిలో ఎక్కడో ఒక గొడుగు కింద పడింది. నూలా నన్ను చూడలేదు, నా కోటు గుండీని చూస్తోంది.

"శుక్రవారం" అంది. "రేడియోలో వంటలు చెబుతున్నారు. నేను హలో అన్నాను."

"రెండుసార్లు."

"కాన్‌ని పిలవండి అంటే పిలిచేదాన్ని కదే. పక్క గదిలోనే ఉన్నాడు. బూట్లు తుడుచుకుంటున్నాడు."

ఎడమ చెయ్యి సంచిలోకి పోయింది, కవరు తీసింది, ఆవిడ ఒళ్ళో పెట్టింది. ఆ ఒళ్ళో అప్పటికే ఒక కాగితముంది, రేపటి ప్రార్థనలో ఏ పాటలు, ఎవరు చదవాలి, పెట్టె కింద ఎవరెవరి భుజాలు, నల్ల సిరాతో ఫింటన్ పొద్దున్న రాసిచ్చిన జాబితా. హాల్పిన్ అంత్యక్రియలు అని పైన, అదే గడియతో. ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుంది. ఉత్తరం చూసింది. జాబితా చూసింది. మళ్ళీ ఉత్తరం చూసింది. నేను ఏ పేరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి, జేబురుమాలు దోపుకునే చోట, స్వెట్టరు చేతి లోపలికి తోసింది.

"ఫింటన్."

"చెప్పు నూలా." వెన్న గొంతు.

"బయట వ్యానులో ప్యాకీ ఉన్నాడు. నువ్వే వెళ్ళి తీసుకురా."

"నూలా, ఇంతమంది జనంలో ఇప్పుడు... కుర్రాళ్ళనెవర్నైనా పంపిస్తాను..."

"నువ్వే. రేపు పెట్టె కింద నీ భుజం అక్కర్లేదని, ఎందుకు అక్కర్లేదో కూడా, నీ నోటితోనే వాడికి చెప్పి తీసుకురా."

ఫింటన్ ఒకసారి ఉత్తరం దూరిన ఆ చేతి వైపు, ఒకసారి నా వైపు చూశాడు. తర్వాత నడిచాడు. ఊరంతా ముందుకు వస్తున్న దారిలో ఒక్కడే ఎదురు నడిచాడు. ఎవరూ తిట్టలేదు, పక్కకి తప్పుకుని దారిచ్చారు, శవం బండికి ఇచ్చినట్టు.

నేనూ వెళ్ళిపోదామనుకున్నాను. నా వంతు అయిపోయింది కదా. సంచిలో ఫోన్ కొట్టుకోవడం మొదలైంది, ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి, డబ్బాలో పడ్డ కందిరీగలాగా. కానీ చెయ్యి ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.

"ఎక్కడికి?" అంది నూలా. "కూర్చో. వాడు వచ్చాక నాతో అన్నది వాడితో అను. జరుగు బెర్నీ."

బెర్నీ జరిగింది. కూర్చున్నాను. ఇంటివాళ్ళ బెంచీలో, పెట్టెకి ఎదురుగా, ఎర్ర దీపానికి ఎదురుగా. వరస మళ్ళీ కదిలింది. టెస్సీ నూలా చెయ్యి పట్టుకుని అనాల్సింది అంది, ఆ ఊపులో పక్కనున్న నా చెయ్యి కూడా పట్టుకుని "నీ కష్టానికి చాలా బాధగా ఉందమ్మా" అనేసింది. అనేశాక నేనెవరో గుర్తొచ్చింది, నోరు తెరుచుకుంది, కానీ పట్టిన చెయ్యి మధ్యలో వదిలెయ్యడం ఆవిడ వంశంలో లేదు, పూర్తిగా ఊపి బెర్నీ దగ్గరికి పోయింది. వెనకాయనా అంతే. ఆయన వెనకావిడా అంతే. ముందు బెంచీలో ఎవరు కూర్చుంటే వాళ్ళ చెయ్యి పట్టుకోవాలి, దాటిపోవడం తెలియదు మావాళ్ళకి. చల్లటి చేతులు, గరుకు చేతులు, వానకి తడిసిన చేతులు. మీ కష్టానికి బాధగా ఉంది. నీ కష్టానికి బాధగా ఉంది. నేను అనాల్సినదాన్ని ఒక్కొక్కరే వంగి నాకు అంటున్నారు, నేను తలూపుతున్నాను, నవ్వు రావడం లేదు, నవ్వడం నా వృత్తి, రావడం లేదు.

దూరంగా పెద్ద తలుపు తెరుచుకుంది. చలిగాలి కొవ్వొత్తుల్ని వంచింది. ప్యాకీ లోపలికి వచ్చాడు, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఫింటన్ రాలేదు. నూలా లేచి నిలబడి, రా అన్నట్టు చెయ్యెత్తింది. ప్యాకీ తల అడ్డంగా ఊపాడు. వాళ్ళందరినీ దాటి రావడం మర్యాద కాదు. పుస్తకంలో పేరు రాశాడు, చాలాసేపు రాశాడు, పెన్ను జాగ్రత్తగా పెట్టి, వరస చివరికి వెళ్ళి నిలబడ్డాడు.

అతనికీ నాకూ మధ్య ఇంకా నూట యాభై చేతులున్నాయి.